మనస్తత్వ పరిశోధనలో చరాలు, విశ్వసనీయత, సప్రమాణత

మనిషి ఎత్తును టేపుతో, జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తాం. తెలివికి, దిగులుకు, ఓర్పుకు అలాంటి సాధనం లేదు. అవి కంటికి కనిపించవు. మనిషి చెప్పిన మాటలోంచో, చేసిన పనిలోంచో, కాగితం మీద పెట్టిన టిక్కులోంచో వాటిని ఊహించుకోవాలి. ఆ ఊహకు ఒక అంకె తగిలించగానే అది తూకం వేసి తెచ్చిన సరుకులా కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన పద్ధతులని పిలిచే విద్యలో ఎక్కువ భాగం ఆ అంకెను నిలదీయడానికి పుట్టిందే. ఏది మారితే ఏది మారుతోంది అని అడిగేటప్పుడు మాట్లాడేది చరాల గురించి. మళ్లీ కొలిస్తే ఇదే అంకె వస్తుందా అన్న ప్రశ్న విశ్వసనీయతకు సంబంధించింది. వచ్చిన అంకె మనం అనుకుంటున్నదాని గురించేనా అన్నది సప్రమాణత.

బీఈడీ చదివేవారికి, టెట్, డీఎస్సీ రాసేవారికి ఈ మూడు మాటలూ కంఠస్థమే. నిర్వచనాలుగా విడివిడిగా బట్టీపట్టడం వల్ల వాటి మధ్య ఉన్న చుట్టరికం మాత్రం జారిపోతుంది. చరాలను సరిగా విడదీయకపోతే సప్రమాణత దెబ్బతింటుంది. నిలకడ లేని కొలతతో చరాల సంబంధం కనిపించదు. నిలకడ ఉన్నంత మాత్రాన కొలత సరైనదని నమ్మితే మనుషులకు అన్యాయం జరుగుతుంది. ఈ చివరిది నిజంగా జరిగిన కథ. అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

సైన్యం పరీక్షలు

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగిన 1917లో, రాబర్ట్ యెర్క్స్ నాయకత్వాన కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సైన్యంలో చేరేవారి తెలివిని సామూహికంగా కొలిచే పరీక్షలు తయారుచేశారు. ఇంగ్లీషు చదవగలిగినవారికి ఆల్ఫా, చదవలేనివారికి బొమ్మలతో ఉండే బీటా. యుద్ధం ముగిసేలోగా సుమారు 17 లక్షల మంది ఈ పరీక్షలు రాశారు. అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా అంతమంది మనసులను ఒకే కొలబద్దతో కొలవలేదు.

ఆ కొలబద్దలో ఏముందో చూడాలి. ఆల్ఫాలో ఒక ప్రశ్న: క్రిస్కో అనేది మందా, క్రిమిసంహారిణా, టూత్‌పేస్టా, తినే వస్తువా? క్రిస్కో అప్పటి అమెరికా వంటిళ్లలో వాడే, మన వనస్పతి లాంటి కొవ్వు. బీటాలో బొమ్మ చూసి అందులో లోపించినదాన్ని గీయాలి. ఒక బొమ్మలో టెన్నిస్ కోర్టుకు నెట్ ఉండదు, మరోదాంట్లో గ్రామఫోనుకు గొట్టం ఉండదు. సిసిలీలోనో పోలండ్‌లోనో పొలం పని చేసుకుని ఓడెక్కి వచ్చిన మనిషి టెన్నిస్ ఆటను ఎక్కడ చూసి ఉంటాడు? తెలివిని కొలుస్తున్నామని చెప్పుకున్న పరీక్ష, అమెరికా జీవితంతో ఎంత పరిచయం ఉందో కొలిచింది.

1923లో కార్ల్ బ్రిగమ్ ఈ మార్కుల ఆధారంగా ఒక పుస్తకం రాసి, ఉత్తర ఐరోపా నుంచి వచ్చినవారు తెలివైనవారని, దక్షిణ, తూర్పు ఐరోపాల వారు తక్కువవారని తేల్చాడు. అతని లెక్కల్లోనే మరో సంగతి ఉంది. అమెరికా వచ్చి 20 ఏళ్లు దాటిన వలసదారుల మార్కులు అక్కడే పుట్టినవారి మార్కులకు దాదాపు సమానంగా ఉన్నాయి. ఐదేళ్లలోపు వచ్చినవారివి బాగా తక్కువ. ఉన్న ఏళ్లు పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయంటే పరీక్ష కొలుస్తున్నది పరిచయాన్నేనని ఎవరికైనా తట్టాలి. బ్రిగమ్ దాన్ని తిప్పి చదివాడు. వలస వచ్చేవారి నాణ్యత ఏటికేడాది పడిపోతోందన్నాడు. మరుసటి ఏడాదే, 1924లో, దక్షిణ, తూర్పు ఐరోపా వలసలను తీవ్రంగా తగ్గించిన చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఈ పరీక్షల పాత్ర ఎంత అన్నదానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. బ్రిగమ్ మాత్రం 1930లో తన తీర్మానాలకు పునాది లేదని అచ్చులోనే ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్న శాస్త్రవేత్తలు అరుదు కాబట్టి అది ఆయనకు దక్కవలసిన గౌరవమే. ఈలోగా ఏడేళ్లు గడిచాయి.

ఈ వ్యాసంలోని మూడు భావనలూ ఆ కథలో ఉన్నాయి. పుట్టిన దేశం, అమెరికాలో గడిపిన కాలం, ఇంగ్లీషు పరిచయం అనే చరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే, ఒక్క పుట్టిన దేశాన్నే కారణంగా ఎత్తిచూపారు. నిలకడ విషయంలో ఆల్ఫాకు పెద్ద లోటు లేదు, మళ్లీ పెడితే ఇంచుమించు అవే మార్కులు వచ్చేవి. సప్రమాణతే లేదు. తూకపురాయి అరిగిపోయినా తక్కెడ రోజూ ఒకే లెక్క చూపుతుంది. ఆ ఒకే లెక్కే కొనేవాణ్ని నమ్మిస్తుంది.

చరాలు

మనిషి నుంచి మనిషికి గానీ, పూట నుంచి పూటకు గానీ మారే ప్రతిదీ చరం. వయసు, నిద్రపోయిన గంటలు, అమ్మ చదువు, బడి మాధ్యమం, పరీక్ష మార్కు అన్నీ చరాలే. ప్రయోగంలో పరిశోధకుడు తన చేతులతో మార్చేదాన్ని స్వతంత్ర చరం అంటారు. ఆ మార్పు వల్ల ఏమవుతుందో కనిపెట్టి చూసేది పరతంత్ర చరం.

ఇందుకు దూరం పోనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక ప్రయోగం విద్యా పరిశోధకులందరికీ తెలిసినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల తోడ్పాటుతో దీన్ని నడిపారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇస్తే చదువు మెరుగవుతుందా అన్నది ప్రశ్న. పల్లెల్లోని 300 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ తీసినట్టు మూడు వాటాలు చేశారు. 100 బళ్లలో టీచర్లందరికీ ఉమ్మడిగా, 100 బళ్లలో ఎవరి పిల్లల మార్కులను బట్టి వారికి బోనస్. మిగిలిన 100 బళ్లలో ఏమీ లేదు, అది నియంత్రిత సమూహం. బోనస్ పద్ధతి స్వతంత్ర చరం, పిల్లల మార్కులు పరతంత్ర చరం. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బళ్ల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు.

లాటరీ ఎందుకు తీయాలి? బోనస్ కావాలన్న బళ్లకే ఇచ్చి చూడవచ్చు కదా? అలా చేస్తే ఉత్సాహం ఉన్న టీచర్లే ముందుకొస్తారు. మార్కులు పెరిగితే అది బోనస్ మహిమో, ఆ టీచర్ల ఉత్సాహమో తేల్చలేం. పరిశోధకుడు పట్టించుకోకపోయినా ఫలితాన్ని లాగగలిగేవి బాహ్య చరాలు. వాటిలో ఏదైనా స్వతంత్ర చరంతో జతకట్టి నడిస్తే చిక్కు వస్తుంది. రెండింటిలో ఏది కారణమో విడదీయలేకపోతాం. ఊరి వానలు, మధ్యాహ్న భోజనం, హెడ్‌మాస్టరు స్వభావం, తల్లిదండ్రుల చదువు లాంటి బాహ్య చరాలు వేలల్లో ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని సమానం చేయడం ఎవరి తరమూ కాదు. యాదృచ్ఛికంగా పంచితే, మనం పేరు కూడా తెలుసుకోని చరాలు సైతం అన్ని వాటాల్లోకీ దాదాపు సమంగా చెదిరిపోతాయి. ఈ పద్ధతికి పునాది వేసింది పొలాల్లో ఎరువులను పరీక్షించిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్.

ఇదే ప్రయోగంలో మరో సూక్ష్మం ఉంది. బోనస్ వల్ల టీచర్లు బడికి రావడం ఎక్కువైందేమోనని చూస్తే, హాజరులో తేడా కనిపించలేదు. వచ్చినప్పుడు చేసే పని పెరిగింది. అదనపు క్లాసులు, ఇంటిపని, మాదిరి పరీక్షలు పెట్టామని టీచర్లు చెప్పారు. కారణానికీ ఫలితానికీ నడుమ నిలిచి పని జరిపించే ఇలాంటి దాన్ని మధ్యవర్తి చరం అంటారు. కారణం ఎవరి విషయంలో ఎక్కువ, ఎవరి విషయంలో తక్కువ పనిచేస్తుందో నిర్ణయించే చరం వేరు. ఉదాహరణకు టీచరు అనుభవాన్ని బట్టి బోనస్ ప్రభావం మారితే అనుభవం ఆ రెండో కోవలోకి వస్తుంది. రూబెన్ బారన్, డేవిడ్ కెన్నీ 1986లో ఈ తేడాను స్పష్టంగా విడదీసి రాసిన వ్యాసం మనస్తత్వ శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన వాటిలో ఒకటి.

అన్ని చరాలనూ చేత్తో మార్చడం కుదరదు. పిల్లలకు పేదరికాన్ని లాటరీలో పంచలేం. ఉన్నది ఉన్నట్టు కొలిచి సహసంబంధం చూడాల్సిన చోట జాగ్రత్త రెట్టింపు కావాలి. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మార్ష్‌మాలో మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్న పరీక్ష లోకప్రసిద్ధం. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారన్న ఫలితం వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలన్నింటిలోకీ ఎక్కింది. ఆ పిల్లలు విశ్వవిద్యాలయ ఆవరణలోని నర్సరీ బడికి వచ్చినవారు. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హవోనాన్ క్వాన్‌లు 900 మందికి పైగా భిన్న నేపథ్యాల పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితులు, పిల్లల తొలినాటి సామర్థ్యాలు లెక్కలోకి తీసుకుంటే మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు పోయింది. ఓర్పు అని పేరుపెట్టినదాంట్లో పెద్ద వాటా ఇంటి గడపదే. రేపటి తిండి ఖాయమని తెలియని పిల్లవాడు చేతిలోని మిఠాయిని వెంటనే తినడం తెలివైన పనే కావచ్చు.

చరానికి పేరుపెడితే చాలదు, దాన్ని ఏ పనితో కొలిచామో చెప్పాలి. దాన్ని కార్యాత్మక నిర్వచనం అంటారు. 1961లో ఆల్బర్ట్ బండూరా బృందం పిల్లల దూకుడును గాలిబొమ్మను ఎన్నిసార్లు కొట్టారు, తిట్టారు అన్న లెక్కతో కొలిచింది. ఆ లెక్కే దూకుడా అని సందేహం కలిగితే, అది సప్రమాణత గురించిన సందేహం. అంకెల్లోనూ తరగతులున్నాయి. ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో వాటిని నాలుగుగా చెప్పాడు: పేరుకు బదులు వాడేవి, వరస చూపేవి, సమానమైన మెట్లున్నవి, నిజమైన సున్నా ఉన్నవి. పిన్‌కోడ్‌ల సగటు తీయడం అర్థం లేని పని. ఐక్యూ 140 ఉన్నవారికి 70 ఉన్నవారి కంటే రెట్టింపు తెలివి ఉందనడమూ అంతే.

విశ్వసనీయత

1904లో చార్లెస్ స్పియర్‌మన్ ప్రచురించిన రెండు వ్యాసాలతో ఈ అధ్యాయం మొదలవుతుంది. బ్రిటిష్ సైన్యంలో ఏళ్లతరబడి పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి, మధ్యవయసులో లైప్‌జిగ్ వెళ్లి ఊంట్ దగ్గర మనస్తత్వ శాస్త్రం చదివినవాడు ఆయన. వచ్చిన ప్రతి మార్కులోనూ రెండు పాళ్లుంటాయన్నది ఆయన మూలభావన. ఒకటి ఆ మనిషికి నిజంగా దక్కవలసిన మార్కు, రెండోది పొరపాటు. ఆ పూట తలనొప్పి, పక్కగదిలో గోల, గాలివాటంగా కలిసొచ్చిన ప్రశ్న ఇవన్నీ పొరపాటులోకి వస్తాయి. ఒక సమూహంలో మార్కుల తేడాల్లో నిజమైన తేడాల వాటా ఎంతో చెప్పేదే విశ్వసనీయత గుణకం. అది 0 నుంచి 1 వరకు ఉంటుంది.

నిజమైన మార్కు ఎవరికీ కనిపించదు కాబట్టి ఈ గుణకాన్ని దొడ్డిదారిన అంచనా వేయాలి. అదే పరీక్షను కొన్నాళ్లకు మళ్లీ పెట్టడం పునఃపరీక్షా పద్ధతి. వ్యవధి తక్కువైతే జవాబులు గుర్తుంటాయి, ఎక్కువైతే మనిషే మారిపోతాడు. దిగులు లాంటి స్థితి వారంలో మారడం సహజం, ఆ మార్పును కొలత లోపంగా లెక్కించడం తప్పు. సమానమైన రెండు ప్రశ్నపత్రాలు తయారుచేసి పోల్చడం సమాంతర రూప పద్ధతి. ఒకే పత్రాన్ని సరి, బేసి ప్రశ్నలుగా చీల్చి రెండు సగాలను పోల్చడం అర్ధ విభజన పద్ధతి. చీల్చినప్పుడు పరీక్ష సగమైపోతుంది కాబట్టి గుణకం తగ్గుతుంది. దాన్ని సరిదిద్దే సూత్రాన్ని 1910లో స్పియర్‌మన్, విలియం బ్రౌన్ విడివిడిగా కనిపెట్టారు. సగాల మధ్య సహసంబంధం 0.60 అయితే మొత్తం పరీక్ష విశ్వసనీయత 0.75. ప్రశ్నలు పెరిగితే పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి ఐదు ప్రశ్నల క్విజ్ కంటే యాభై ప్రశ్నల పరీక్ష నిలకడగా ఉంటుంది.

పరీక్షను ఎన్ని రకాలుగా చీల్చవచ్చో అన్నింటి సగటునూ ఒకేసారి పట్టుకునే దారి లీ క్రాన్‌బాక్ 1951లో చూపిన ఆల్ఫా గుణకం. సైన్యం పరీక్ష ఆల్ఫాతో దీనికి సంబంధం లేదు. ఈరోజు మన విశ్వవిద్యాలయాల థీసిసుల్లో ఆల్ఫా 0.70 దాటిందని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోవడం మామూలైపోయింది. అది చాలదు. ఒకే ప్రశ్నను పది రకాలుగా తిప్పి అడిగితే ఆల్ఫా 0.95 వస్తుంది, మనకు తెలిసేది మాత్రం ఒక్క ప్రశ్నకు జవాబే. ఆల్ఫా ఎక్కువగా ఉన్నంత మాత్రాన ప్రశ్నలన్నీ ఒకే గుణాన్ని కొలుస్తున్నట్టూ కాదు. క్రాన్‌బాక్ మరణానంతరం 2004లో వెలువడిన వ్యాసంలో ఆయనే ఈ గుణకాన్ని దాటి విస్తృతమైన పద్ధతుల వైపు వెళ్లాలన్నాడు.

మనుషులే కొలబద్దలైన చోట ఇద్దరు పరిశీలకులు ఎంతవరకు ఏకీభవిస్తున్నారో చూడాలి. ఇక్కడ శాతం మోసం చేస్తుంది. ఇద్దరు పరిశీలకులు 100 మంది పిల్లల్లో చెరో పదిమందిని కొట్లాట మనస్తత్వం ఉన్నవారని గుర్తించారనుకుందాం. ఇద్దరూ కళ్లు మూసుకుని గుర్తుపెట్టినా, కేవలం కాకతాళీయంగా 82 మంది విషయంలో వారి మాట కలుస్తుంది. ఆ కాకతాళీయపు వాటాను తీసేసి మిగిలిన ఏకాభిప్రాయాన్ని చూపడానికే జేకబ్ కోహెన్ 1960లో కప్పా గుణకాన్ని ప్రతిపాదించాడు. 82 శాతం ఏకాభిప్రాయం ఉన్న ఈ ఉదాహరణలో కప్పా విలువ సున్నా.

విశ్వసనీయత తక్కువైతే నష్టం ఎవరికి? మొదటి నష్టం శాస్త్రానికి. రెండు కొలతల విశ్వసనీయతలు 0.7, 0.8 అయితే, వాటి వెనకున్న గుణాల మధ్య 0.40 సంబంధం ఉన్నా మనకు 0.30 దగ్గరే కనిపిస్తుంది. రెండో నష్టం మనిషికి. ఐక్యూ పరీక్షల ప్రామాణిక విచలనం సాధారణంగా 15. విశ్వసనీయత 0.91 అనుకుంటే ఒక్క మార్కులో ఉండే ప్రామాణిక పొరపాటు 4.5. అంటే 71 వచ్చిన మనిషి నిజమైన మార్కు 62, 80ల మధ్య ఎక్కడైనా ఉండే అవకాశముంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 70 దాటినవారిని మేధో వైకల్యం లేనివారిగా లెక్కించి, మరణశిక్ష నుంచి మినహాయింపు కోరే వాదనను వినడానికే నిరాకరించేది. 2014లో హాల్ వర్సెస్ ఫ్లోరిడా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ గీతను కొట్టివేసింది. పరీక్షలో సహజంగా ఉండే పొరపాటును పట్టించుకోని గీత రాజ్యాంగ విరుద్ధమంది. విశ్వసనీయత గుణకం ఒక మనిషి ప్రాణానికి అడ్డుగా నిలబడిన సందర్భమది. మన దగ్గరా ఒక అంకె దగ్గర గీత గీసి సర్టిఫికెట్టో, సీటో, పింఛనో నిర్ణయించే ప్రతిచోటా ఈ పొరపాటు వెడల్పును పక్కన రాసి చూడవలసిందే.

సప్రమాణత

పరీక్ష తాను కొలుస్తానన్నదాన్నే కొలవడం సప్రమాణత అని 1927లో ట్రూమన్ కెల్లీ చెప్పిన అర్థం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అది చెప్పినంత తేలిక కాదు. 1954లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దాన్ని నాలుగుగా విడదీసింది. పాఠ్యాంశమంతటినీ ప్రశ్నలు సరైన పాళ్లలో తాకుతున్నాయా అన్నది విషయ సప్రమాణత. ఇప్పటికే నమ్మకమున్న మరో కొలతతో కలుస్తోందా అన్నది సహకాలిక సప్రమాణత. రేపు జరగబోయేదాన్ని ముందే చెప్పగలదా అన్నది ప్రాగుక్తి సప్రమాణత. నాలుగోది నిర్మాణ సప్రమాణత. చూడగానే సరైన పరీక్షలా అనిపించడాన్ని ముఖ సప్రమాణత అంటారు కానీ అది రుజువు కిందికి రాదు.

అసలు చర్చంతా నాలుగోదాని చుట్టూ నడిచింది. తెలివికో, ఆందోళనకో ఇదిగో అసలు సరుకు అని పక్కన పెట్టి పోల్చే ప్రమాణం లేదు. క్రాన్‌బాక్, పాల్ మీల్ 1955లో చెప్పింది ఏమిటంటే, ఆ భావన చుట్టూ ఒక సిద్ధాంతం అల్లాలి, దాన్నుంచి ఫలానా వాటితో సంబంధం ఉండాలి, ఫలానా వాటితో ఉండకూడదు అని ముందే చెప్పాలి, తర్వాత ఒక్కొక్కటీ పరీక్షించాలి. డొనాల్డ్ కాంప్‌బెల్, డొనాల్డ్ ఫిస్కె 1959లో దీనికి పదును పెట్టారు. పిల్లల పరీక్షాభయాన్ని ప్రశ్నావళితో కొలిచినా, టీచరు అంచనాతో కొలిచినా రెండూ కలవాలి. పరీక్షాభయపు ప్రశ్నావళి, సిగ్గరితనపు ప్రశ్నావళి మాత్రం కేవలం రెండూ ప్రశ్నావళులైనందుకు కలిసిపోకూడదు. కలిసిపోతే మనం కొలుస్తున్నది ప్రశ్నావళులు నింపే అలవాటును.

1989లో శామ్యూల్ మెసిక్ ఈ ముక్కలన్నింటినీ ఒక్కటి చేశాడు. పరీక్ష సప్రమాణమైనదా అని అడగడమే తప్పు ప్రశ్న, ఆ మార్కుకు మనం చెప్పే అర్థం, దానితో చేసే పని సమర్థనీయమా అని అడగాలన్నాడు. వాడకం వల్ల కలిగే పర్యవసానాలను కూడా ఇందులో చేర్చాడు. దానిపై వివాదం ఇంకా ఆగలేదు. బ్రిగమ్ కథ తెలిసినవారు మెసిక్ పక్షమే వహిస్తారనుకుంటాను. అమెరికాలో పుట్టిన పిల్లవాడికి బడిలో ఏ తరగతి సరిపోతుందో చెప్పడానికి సైన్యం ఆల్ఫా పరీక్ష కొంత పనికొచ్చి ఉండవచ్చు. అదే కాగితం వలసదారు జాతి విలువ తేల్చడానికి పనికిరాదు.

ఒక చోట తయారైన పరీక్ష మరోచోట సరిపోదన్న ఈ సమస్యను భారతదేశంలో తొలితరం వారే గుర్తించారు. లండన్‌లో స్పియర్‌మన్ దగ్గర శిక్షణ పొందిన ఎం.వి. గోపాలస్వామి మైసూరు విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. వి.వి. కామత్ బీనే తెలివి పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు తగినట్టు మలిచాడు. బీనే-కామత్ పేరుతో అది ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వినిపిస్తుంది. సి.ఎం. భాటియా 1955లో వెలువరించిన ఐదు ఉపపరీక్షల మాల చదువు రాని పిల్లలకూ పెట్టగలిగేలా చెక్క దిమ్మలు, నమూనాల గీతలు, బొమ్మల కూర్పు మీద ఆధారపడింది. అక్షరాన్ని తీసేస్తే సంస్కృతి కూడా తొలగిపోతుందని అనుకోకూడదని బీటా పరీక్ష ముందే నేర్పింది. పెన్సిలు పట్టడమే అలవాటు లేని చేతికి నమూనా గీయడం తెలివికి పరీక్ష అవుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ప్రయోగానికి సప్రమాణత

పరీక్షకు ఉన్నట్టే ప్రయోగానికీ సప్రమాణత ఉంటుందని కాంప్‌బెల్ 1957లో చూపి, దాన్ని ఆంతరిక, బాహ్య సప్రమాణతలుగా విడదీశాడు. ఈ ప్రయోగంలో మార్పుకు కారణం మనం అనుకున్నదేనా అన్నది మొదటిది. ఈ ఫలితం ఇతర మనుషులకు, ఇతర చోట్లకు వర్తిస్తుందా అన్నది రెండోది. జూలియన్ స్టాన్లీతో కలిసి 1963లో రాసిన అధ్యాయంలో ఆంతరిక సప్రమాణతను దెబ్బతీసే ముప్పులను ఆయన వివరించాడు. ప్రయోగం నడుస్తుండగా బయట ఏదో జరగడం, పిల్లలు తమంత తాము ఎదగడం, మొదటి పరీక్షే రెండోదానికి సాధన కావడం, మధ్యలో కొందరు మానేయడం వాటిలో కొన్ని. మరీ తక్కువ మార్కులు వచ్చినవారినే ఎంచుకుంటే, ఏమీ చేయకపోయినా రెండోసారి వారి సగటు పెరుగుతుంది. మొదటిసారి దురదృష్టం రెండోసారి అందరినీ వెంటాడదు కదా. వెనకబడ్డవారికి ప్రత్యేక తరగతులు పెట్టి మార్కులు పెరిగాయని ప్రకటించే ప్రతి నివేదికనూ ఈ కంటితో చదవాలి.

పరిశోధకుడే ఒక బాహ్య చరం కాగలడు. బెర్లిన్‌లో విశ్రాంత ఉపాధ్యాయుడు విల్హెల్మ్ ఫోన్ ఓస్టెన్ గుర్రం హాన్స్ కూడికలు, తీసివేతలకు గిట్టతో తట్టి జవాబు చెప్పేది. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, టిక్కెట్టూ పెట్టలేదు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే విద్యార్థి ఒక్క చరాన్ని మార్చి చూశాడు. ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియలేదు. అడిగేవారు కనిపించకుండా అడ్డుపెట్టినా అంతే. తట్టిన లెక్క సరైన సంఖ్యకు చేరగానే అడిగేవారి తల, ఒళ్లు వారికే తెలియకుండా రవ్వంత కదిలేవి. గుర్రం ఆ కదలికను చదివింది. ఈ పరిశోధనపై 1907లో ఫుంగ్‌స్ట్ రాసిన పుస్తకం నుంచి, ఎవరు ఏ సమూహంలో ఉన్నారో కొలిచేవారికి తెలియకుండా దాచాలన్న నియమానికి బలం వచ్చింది. 1960లలో రాబర్ట్ రోజెంతాల్ మామూలు ఎలుకలనే కొన్నింటిని చురుకైనవని, కొన్నింటిని మందమైనవని చెప్పి విద్యార్థులకిస్తే, చురుకైనవన్న ఎలుకలే చిక్కుదారుల్లో బాగా నేర్చుకున్నాయి. టీచరు మనసులోని అంచనా పిల్లల మీద ఎలా పనిచేస్తుందన్న పరిశోధనలన్నింటికీ ఇదే వేరు.

బాహ్య సప్రమాణత విషయంలో మనస్తత్వ శాస్త్రానికి పెద్ద అప్పు ఉంది. ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాల నుంచి పేరున్న పత్రికల ప్రయోగాల్లో 96 శాతం మంది వచ్చారని జెఫ్రీ ఆర్నెట్ 2008లో లెక్కతేల్చాడు. మానవ స్వభావం అని రాసినచోట చాలాసార్లు అమెరికా కాలేజీ విద్యార్థి స్వభావం అని చదువుకోవాలి.

మళ్లీ చేసి చూడటం

ఒక్క కొలతకే కాదు, ఒక ఫలితానికీ నిలకడ కావాలి. ఈ ప్రశ్నకు తెలుగునేలతో ఒక విచిత్రమైన బంధం ఉంది. 1967లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగాన్ని నెలకొల్పారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవారాయన. ఇంద్రియాలకు అందనిదాన్ని మనసు గ్రహించగలదా అని రైన్ ఐదు గుర్తుల, 25 కార్డుల కట్టతో పరీక్షించేవాడు. ఊరికే ఊహిస్తే సగటున ఐదు సరిపోవాలి. ఎక్కువ వచ్చినప్పుడల్లా విమర్శకులు కార్డు వెనక నుంచి గుర్తు కనిపించిందా, లెక్క రాసినవారు పొరబడ్డారా, బాగా రాని ప్రయత్నాలను పక్కనపెట్టారా అని అడిగేవారు. ఆ ప్రశ్నల వల్లే ఆ రంగంలో నియంత్రణలు కట్టుదిట్టమయ్యాయి. సంశయవాదులను ఒప్పించేలా ఎవరు చేసినా వచ్చే ఫలితం మాత్రం స్థిరపడలేదు.

2011లో డెరిల్ బెమ్ తొమ్మిది ప్రయోగాలతో, జరగబోయేదాన్ని మనుషులు ముందే పసిగట్టగలరన్న వ్యాసాన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రంలో అగ్రశ్రేణి పత్రికలో ప్రచురించాడు. చాలామందిని కలవరపెట్టింది భవిష్యద్దర్శనం కాదు. ఆయన వాడిన పద్ధతులు అందరూ వాడేవే. ఆ పద్ధతులతో ఇది రుజువైతే మిగతా రుజువుల మాటేమిటి? 2015లో వందమందికి పైగా పరిశోధకులు కలిసి 100 ప్రచురిత అధ్యయనాలను మళ్లీ చేశారు. మొదట 97 శాతంలో గణాంకపరంగా సార్థకమైన ఫలితం ఉంటే, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. ఫలితం చూశాక ప్రశ్నను దిద్దుకోకుండా, పరికల్పనను, చరాలను, విశ్లేషణ పద్ధతిని సమాచారం సేకరించకముందే నమోదు చేయడం ఆ తర్వాత బాగా వ్యాపించింది.

తెలుగులో అడిగినప్పుడు

2002 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు యంగ్ లైవ్స్ అధ్యయనం ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను వెంబడిస్తోంది. అందులో వాడిన సాధనాల్లో ఒకటి అమెరికాలో పుట్టిన బొమ్మల పదసంపద పరీక్ష. ఒక మాట చెబితే నాలుగు బొమ్మల్లో సరైనదాన్ని పిల్లలు చూపాలి. ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి పేర్చి ఉంటాయి. అనువాదంలో ఆ వరస చెదిరిపోతుంది. కుడితి తొట్టి పల్లె పిల్లవాడికి తొలిమెట్టు, హైదరాబాదు అపార్ట్‌మెంట్ పిల్లకు ఆఖరి మెట్టు. లిఫ్టు, ఎస్కలేటర్ల విషయంలో ఇది తలకిందులవుతుంది. అందుకే ఏ ప్రశ్న ఏ భాష పిల్లలకు ఎంత కష్టమైందో విడిగా విశ్లేషించి, సరిగా పనిచేయనివాటిని పక్కన పెట్టాల్సి ఉంటుంది.

పెద్దలకు పెట్టే ప్రశ్నావళుల్లో చిక్కు వ్యాకరణంలోనే ఉంది. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన తరహా మాపనిలో జవాబులు మెట్లుగా ఉంటాయి. తెలుగులో 'ఎప్పుడూ' అన్న మాట 'ఎప్పుడూ దిగులే'లో నిత్యమని, 'ఎప్పుడూ దిగులు లేదు'లో ఏనాడూ కాదని అర్థమిస్తుంది. ఒక్క మాట మాపని రెండు చివరలకూ అతుక్కుంటుంది. గబగబా చదివి వినిపించే సర్వేలో ఏ చివరకు టిక్కు పడుతుందో చెప్పలేం. 'గత రెండు వారాల్లో ఎన్ని రోజులు?' అని అడిగి రోజులు లెక్కపెట్టించడం మేలు. ఏకాగ్రత కుదరడం లేదా అని అడుగుతూ దినపత్రిక చదవడాన్ని ఉదాహరణగా ఇచ్చే ప్రశ్న, పత్రిక ముట్టని మనిషి దగ్గర ఏమీ కొలవదు. తెలుగువారు దిగులును దిగులుగా చెప్పడమూ తక్కువే. గుండె దడ, తల బరువు, ఒంట్లో నీరసం, మనసు ఎటో పోతోందనడం ఇవే ఎక్కువ వినిపిస్తాయి. ఈ మాటలు లేని ప్రశ్నావళికి విషయ సప్రమాణత ఉందని నేను ఒప్పుకోలేను.

అనువదించినదాన్ని మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి పోల్చాలని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో సూచించిన పద్ధతిని అందరూ పాటిస్తారు. అది మాటల తప్పును పడుతుంది, జవాబు చెప్పే తీరులోని తేడాను పట్టలేదు. 'మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా?' అని అడిగితే, నిద్ర పట్టని తెలుగు మనిషి 'అవునండి' అంటాడు. ఇంగ్లీషు అలవాటులో అదే సంగతికి 'నో' అనాలి. ఇంగ్లీషు పత్రం ముందు పెట్టుకుని తెలుగులో అడుగుతూ నమోదు చేసే యువకుడు ఏ గడిలో గుర్తు పెడతాడో అతని శిక్షణను బట్టి ఉంటుంది. ఆ పొరపాటు అన్ని ఊళ్లలోనూ ఒకేలా జరిగితే విశ్వసనీయత గుణకం దాన్ని పట్టుకోదు. తెలుగు పత్రంలో గడుల పక్కన అవును, కాదు అని కాకుండా 'పడుతోంది', 'పట్టడం లేదు' అని క్రియనే పూర్తిగా రాసుకోవాలి.